టి.బి. రోగిని ఇంట్లో ఉంచుకోవచ్చా?

తెమడ పరీక్షలో టి.బి. అని తేలగానే క్రోసూరు చుట్టుపక్కల ఊళ్ళ నుండి వచ్చే కుటుంబాలవారు మమ్మల్ని అడిగే మొదటి మాట ఇదే: "సిస్టర్‌గారూ, మనిషిని ఇంటికి తీసుకెళ్ళొచ్చా? పసిపిల్లలున్నారండీ." కొందరైతే అడగకుండానే కోడలిని పుట్టింటికి పంపేస్తారు. మాకు బాధ కలిగేది అక్కడే. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు దొరికి 60 ఏళ్ళు దాటింది.

పూర్వం టి.బి. అంటే శానిటోరియమే. మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. మరి మంచాలు దొరకని పేదల సంగతేమిటి? 1956లో మద్రాసులో ప్రారంభమైన క్షయ పరిశోధనా కేంద్రం దీన్ని పరీక్షకు పెట్టింది. రోగులను రెండు గుంపులు చేశారు. ఎవరు శానిటోరియానికి, ఎవరు ఇంటికి అన్నది డాక్టరు ఇష్టానికి వదలక, చీటీలు వేసినట్లు నిర్ణయించారు. లేకపోతే జబ్బు ముదిరినవారంతా ఒకవైపే చేరేవారు. ఇద్దరికీ ఒకే మందులు, ఒక సంవత్సరం. ఇంటి గుంపువారు ఇరుకు ఇళ్ళలో, చాలీచాలని తిండితో ఉన్నవారే.

1959లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి జబ్బు అణగినవారు శానిటోరియంలో 100కు 92 మంది, ఇంటి దగ్గర 86 మంది.

"అయితే శానిటోరియమే మేలు కదా" అంటారేమో. ఆగండి. ఒకే విత్తనం, ఒకే ఎరువు వేసిన రెండెకరాల్లో కూడా మిరప దిగుబడి సమానంగా రాదు గదా? అలాగే చికిత్సలో తేడా లేకపోయినా లెక్కల్లో కొంత తేడా వస్తుంది. కాబట్టి ముందుగా "రెండూ సమానమే" అనుకుంటారు. అలాంటప్పుడు ఇంత తేడా కేవలం యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు రావచ్చో లెక్క కడతారు. 100లో 5 సార్లకంటే తక్కువైతేనే నిజమైన తేడా ఉందని ఒప్పుకోవడం వాడుక. ఒక్కో గుంపులో 80 మందికి కాస్త పైగా ఉన్న ఈ లెక్కలో ఆరుగురి తేడా 100లో 20 సార్ల పైనే రావచ్చు. అంటే శానిటోరియమే మేలని రుజువు కాలేదు. రెండూ అచ్చంగా సమానమని కూడా తేలినట్లు కాదు, చిన్న తేడా ఉండవచ్చు. (మా వార్డులో ఈ నెల పదిమందికి నయమైందని మేము చెప్పుకున్నా, పక్కన పోల్చే గుంపు లేనిదే అది రుజువు కాదు.)

మన కుటుంబాలకు ముఖ్యమైన సంగతి తరువాత తెలిసింది. ఇంట్లోవారిని అయిదేళ్ళు గమనిస్తే, రోగి ఇంట్లోనే ఉన్న కుటుంబాలలో టి.బి. ఎక్కువ కాలేదు. జబ్బు అంటుకునేది చాలావరకు మందులు మొదలుపెట్టక ముందే.

అలాగని తిండి అక్కరలేదని మేము అనడం లేదు. 2023లో వెలువడిన జార్ఖండ్ పరిశోధనలో రోగుల ఇంట్లోవారికి మంచి ఆహారం ఇస్తే వారికి టి.బి. రావడం సుమారు 39 శాతం తగ్గింది.

కాబట్టి ఇంటికి తీసుకెళ్ళండి. మామూలు టి.బి.కి ఇప్పుడు ఆరు నెలల మందులు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రెండో నెలలో దగ్గు తగ్గిందని మానేయవద్దు. మొండి టి.బి. అయితే మందులు వేరు, డాక్టరుగారు చెబుతారు. మొదటి వారాల్లో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కిటికీలు తీసి ఉంచాలి. ఇంట్లో అందరినీ, ముఖ్యంగా అయిదేళ్ళలోపు పిల్లలను, పరీక్షకు తీసుకురండి.