బోటులో బీకన్ పాతబడిందా? కొత్తది తీసుకుంటే సరిపోదు, ఈ పనులూ చేయాలి

తీరం వదిలి కొన్ని కిలోమీటర్లు వెళ్తే చాలు, ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్ ఇంకొంత దూరం పనిచేస్తుంది. అదీ దాటాక ఇంజిన్ ఆగిపోయినా, బోటులోకి నీళ్లొచ్చినా ఒడ్డుకు కబురు చేర్చాలంటే ఉపగ్రహమే దిక్కు. ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే ఆ చిన్న పరికరాన్నే డిస్ట్రెస్ బీకన్ అంటారు.

మన దేశంలో మత్స్యకారుల కోసం ఇస్రో తయారుచేసిన బీకన్లు 2010 నుంచి వాడకంలో ఉన్నాయి. ఇప్పుడు వాటి స్థానంలో కొత్తతరం పరికరాలు వస్తున్నాయి. సిటీలో ఉంటున్న మాకు దీంతో ఏం పని అనుకోకండి. మీ నాన్నదో, బాబాయిదో, బావదో బోటు ఉంటే, ఆపద సమయంలో సంప్రదించాల్సిన నంబర్‌గా మీ ఫోన్ నంబరే రాసి ఉండొచ్చు. బీకన్ మార్చే పనిలో సగం ఇలాంటి వివరాలు సరిచేయడమే.

బోట్లలో ఏయే పరికరాలు ఉంటాయి?

ప్రధానంగా మూడు రకాలు. పేర్లు కలిసిపోయి చాలామంది తికమకపడతారు.

మొదటిది డీఏటీ, అంటే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. చేపల వేట బోట్ల కోసం ఇస్రో రూపొందించింది. మన సమాచార ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది. ఇలాంటివి 20 వేలకు పైగా వాడకంలోకి వచ్చాయి.

రెండోది ఈపీఐఆర్‌బీ. ఇది అంతర్జాతీయ వ్యవస్థ. సరకు రవాణా నౌకల్లో, పెద్ద ఓడల్లో, కొన్ని యాట్‌లలో ఉంటుంది. 406 మెగాహెర్ట్జ్ మీద సంకేతం పంపుతుంది. కాస్పాస్-సార్సాట్ అనే ఉపగ్రహ వ్యవస్థ దాన్ని అందుకుంటుంది. ఓడల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన పరికరమే.

మూడోది ట్రాన్స్‌పాండర్. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద లక్ష బోట్లకు ఉచితంగా బిగించే పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించారు. దీన్నీ ఇస్రోనే తయారుచేసింది.

బటన్ నొక్కాక ఏం జరుగుతుంది?

డీఏటీ నుంచి వెళ్లిన సంకేతంలో ఆ పరికరం గుర్తింపు సంఖ్య, బోటు ఉన్న చోటు ఉంటాయి. ఉపగ్రహం దాన్ని బెంగళూరులోని ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్‌కు చేరుస్తుంది. అక్కడ సంకేతాన్ని విప్పి చూసి, కోస్ట్‌గార్డ్ ఆధ్వర్యంలోని సముద్ర రక్షణ సమన్వయ కేంద్రానికి పంపుతారు. తూర్పు తీరానికి ఈ ప్రధాన కేంద్రం చెన్నైలో ఉంది. అక్కడి నుంచే గాలింపు మొదలవుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఉపగ్రహానికి తెలిసేది నంబర్ మాత్రమే. ఆ నంబర్ ఏ బోటుది, యజమాని ఎవరు, ఒడ్డున ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ రిజిస్ట్రేషన్ రికార్డులో దొరకాలి. అక్కడ పాత యజమాని పేరు, పనిచేయని ఫోన్ నంబర్ ఉంటే, ఇది నిజమైన ఆపదా, పొరపాటున నొక్కిందా అని తేల్చుకోవడానికే విలువైన సమయం గడిచిపోతుంది.

కొత్తతరంలో తేడా ఏంటి?

పాత డీఏటీతో ఉన్న పెద్ద ఇబ్బంది ఒక్కటే. సంకేతం పంపడమే తప్ప జవాబు రాదు. మునుగుతున్న బోటులో ఉన్నవాళ్లకు తమ కబురు ఎవరికైనా అందిందో లేదో తెలియదు.

2024లో ఇస్రో ప్రకటించిన రెండోతరం పరికరం డీఏటీ-ఎస్‌జీ ఈ లోటు తీరుస్తుంది. మీ సంకేతం అందిందని కంట్రోల్ సెంటర్ నుంచి తిరిగి సమాచారం వస్తుంది. తుపాను, సునామీ హెచ్చరికలు నడిసముద్రంలో ఉన్నవాళ్లకూ చేరతాయి. చేపలు ఎక్కువగా దొరికే ప్రాంతాల వివరాలూ వస్తాయి. పరికరాన్ని బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపితే, యాప్‌లో ఈ సందేశాలను సొంత భాషలో చదువుకోవచ్చు. సిగ్నల్ లేని చోట ఫోన్ ఇక్కడ స్క్రీన్‌గా పనికొస్తుందన్నమాట.

ఈ రెండువైపుల సమాచారం ఎందుకంత ముఖ్యమో 2017 ఓఖీ తుపాను చూపించింది. అప్పటికే లోతు సముద్రంలోకి వెళ్లిపోయిన కేరళ, తమిళనాడు బోట్లకు హెచ్చరిక అందించే దారి లేకపోయింది. తిరిగి రానివాళ్లు ఎందరో.

ట్రాన్స్‌పాండర్‌లోనూ రెండువైపులా సందేశాలు నడుస్తాయి. దానికి తోడు బోటు అంతర్జాతీయ సముద్ర సరిహద్దు దగ్గరికి వెళ్తే హెచ్చరిస్తుంది. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్ అధికారులకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ హెచ్చరిక విలువ శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల్లో వేరే చెప్పక్కర్లేదు.

ఎప్పుడు మార్చాలి?

ముందుగా పరికరం మీద ముద్రించిన బ్యాటరీ గడువు తేదీ చూడండి. ఈపీఐఆర్‌బీ బ్యాటరీలు మోడల్‌ను బట్టి 5 నుంచి 10 ఏళ్ల వరకు వస్తాయి. గడువు దాటినా టెస్ట్ లైట్ వెలగొచ్చు. అది చూసి పర్వాలేదనుకోవద్దు. లైట్ వెలగడానికి కాసింత చార్జ్ చాలు. ఈపీఐఆర్‌బీ అయితే నీళ్లలో కనీసం 48 గంటలు ఆగకుండా సంకేతం పంపాలి. గడువు తేదీ హామీ ఇచ్చేది ఆ 48 గంటలకే.

బ్యాటరీని బజారులో విప్పించి వేయించకండి. సీల్ సరిగా కుదరకపోతే నీళ్లు దిగి పరికరమే పాడవుతుంది. తయారీ సంస్థ గుర్తించిన సర్వీస్ సెంటర్‌లోనే మార్పించాలి. ఆ ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా ఉంటే కొత్తది తీసుకోవడమే నయం.

బోటు మునిగినప్పుడు తనంతట తానే విడిపోయి పైకి తేలే ఈపీఐఆర్‌బీలకు హైడ్రోస్టాటిక్ రిలీజ్ అనే చిన్న భాగం ఉంటుంది. సాధారణంగా దాన్ని రెండేళ్లకోసారి మార్చాలి. బీకన్ బాగానే ఉండి ఇది పాడైతే, బీకన్ బోటుతో పాటే అడుగుకు పోతుంది.

121.5 మెగాహెర్ట్జ్ మీద మాత్రమే పనిచేసే పాతకాలం బీకన్ ఉంటే ఆలోచించక్కర్లేదు, తీసేయండి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ సంకేతాన్ని పట్టించుకోవడం లేదు. జీపీఎస్ లేని 406 బీకన్ అయితే పనిచేస్తుంది కానీ, గాలింపు పరిధి కిలోమీటర్లలో ఉంటుంది. జీపీఎస్ ఉంటే అది సుమారు వంద మీటర్లకు తగ్గుతుంది. రాత్రిపూట అలల మధ్య మనిషి తలను వెతికేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఎలాగూ బోటు మరమ్మతులు, రంగులు అప్పుడే చేయిస్తారు. బీకన్ తేదీ చూడటం కూడా ఆ పనుల జాబితాలో చేర్చుకోండి.

కొత్తది చేతికొచ్చాక?

పెట్టె విప్పి బిగించేస్తే పని అయిపోయినట్టు కాదు. రిజిస్టర్ చేయించాలి. ఈపీఐఆర్‌బీ అయితే దాని మీద ఉండే 15 అక్షరాల గుర్తింపు కోడ్‌తో ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్‌లో నమోదు చేయాలి. విదేశంలో కొన్నదీ, సెకండ్ హ్యాండ్‌దీ అయితే, కోడ్‌లో ఏ దేశం ఉందో ముందు చూసుకోండి. వేరే దేశం కోడ్ ఉంటే యజమాని వివరాల కోసం ఆ దేశాన్ని అడగాల్సి వస్తుంది. డీఏటీ-ఎస్‌జీ వివరాలు కంట్రోల్ సెంటర్‌లోని 'సాగర్‌మిత్ర' వ్యవస్థలో ఉంటాయి.

నమోదులో ఇవి సరిగ్గా ఉండాలి:

- బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, రంగు, పొడవు
- యజమాని పేరు, ఇప్పుడు వాడుతున్న ఫోన్ నంబర్
- ఒడ్డున ఉండే ఇద్దరి నంబర్లు. వేటకు వెళ్లేవాళ్ల నంబర్ ఇస్తే ఉపయోగం లేదు

బోటు అమ్మినా, కొన్నా, సిమ్ మార్చినా ఈ వివరాలు మార్పించాలి. 2023 నవంబర్‌లో విశాఖ ఫిషింగ్ హార్బర్ అగ్నిప్రమాదంలో కాలిపోయినట్టు బోటు పూర్తిగా పోతే, దాని పేరుతో ఉన్న బీకన్ నమోదును రద్దు చేయించడం మరిచిపోవద్దు.

పాతదాన్ని ఏం చేయాలి?

పాత ఇనుప సామాన్లవాడికి వేయొద్దు, చెత్తలో పడేయొద్దు. బ్యాటరీలో మిగిలిన చార్జ్‌తో అది ఎక్కడో మోగడం మొదలుపెడితే, లేని బోటు కోసం గాలింపు జరుగుతుంది. ఆస్ట్రేలియాలో చెత్త డంపుల్లో మోగుతున్న బీకన్ల కోసం వెతకాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ తీయించి, పరికరాన్ని ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి ఇవ్వండి. ప్రభుత్వం ఇచ్చిన పరికరమైతే మత్స్యశాఖకే అప్పగించండి.

పొరపాటున బటన్ నొక్కుకుంటే భయపడి దాచేయొద్దు. వెంటనే ఆపేసి, కోస్ట్‌గార్డ్ టోల్‌ఫ్రీ నంబర్ 1554కు చెప్పండి. సముద్రంలో ఉంటే వీహెచ్‌ఎఫ్ 16వ చానల్‌లో చెప్పాలి. ఒక్క మాటతో గాలింపు ఆగిపోతుంది.

మీకే ఫోన్ వస్తే?

తెలియని ల్యాండ్‌లైన్ నంబర్ నుంచి కాల్ వస్తే స్పామ్ అనుకుని కట్ చేయడం మనకు అలవాటు. ఇంట్లోవాళ్లు వేటలో ఉన్న రోజుల్లో మాత్రం ఎత్తండి. అవతలివాళ్లు అడిగేవి ఇవే: బోటు ఎప్పుడు, ఏ రేవు నుంచి బయల్దేరింది, ఎంతమంది ఉన్నారు, ఎటువైపు వెళ్లారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు. బోటు కదిలే ముందు సరంగుతోనో యజమానితోనో మాట్లాడి వీటిని వాట్సాప్‌లో రాయించుకుంటే, ఆ సమయంలో తడుముకోనక్కర్లేదు. బోటు ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంటే ఇంకా మంచిది.

ఎవరిని అడగాలి?

ఉచిత ట్రాన్స్‌పాండర్ కోసం మీ ప్రాంత మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. వెళ్లేటప్పుడు బోటు రిజిస్ట్రేషన్, లైసెన్స్, యజమాని ఆధార్ వెంట ఉంచుకోండి. ట్రాన్స్‌పాండర్ బిగించారు కదా అని చేతిలో ఉన్న డీఏటీని వదిలేయొద్దు. ట్రాన్స్‌పాండర్ బోటుకు బిగించి ఉంటుంది. బోటు వదిలి నీళ్లలోకి దూకాల్సి వస్తే వెంట తీసుకెళ్లగలిగేది చేతిలో ఉన్న పరికరమే.

ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. బీకన్ మీద ఏ తేదీ ఉంది? రికార్డులో ఎవరి నంబర్ ఉంది? రెండింట్లో ఏ ఒక్కదానికి జవాబు తెలియకపోయినా, బోటు మళ్లీ రేవు దాటేలోపే తెలుసుకోండి.