బ్లెండెడ్ స్కాచ్ విస్కీ: ఒకే బార్లీకి రెండు నాణ్యతా ప్రమాణాలు

స్కాచ్ విస్కీ రుచిని వర్ణించేవారు సాధారణంగా పీపాను, వయసును ప్రస్తావిస్తారు. పంటను ప్రస్తావించేవారు తక్కువ. అయితే గింజ నాణ్యతను దాని అంతిమ వినియోగమే నిర్ణయిస్తుందనడానికి మేలురకం బ్లెండెడ్ స్కాచ్ చక్కని ఉదాహరణ.

బ్లెండెడ్ స్కాచ్ అనగా మాల్ట్ విస్కీలు, గ్రెయిన్ విస్కీల మిశ్రమం. మాల్ట్ విస్కీని కేవలం మొలకెత్తించిన బార్లీతో, రాగి పాత్రలలో దఫాలవారీగా స్వేదనం చేస్తారు. దీని రుచి గాఢమైనది. గ్రెయిన్ విస్కీకి గోధుమ లేదా మొక్కజొన్న ప్రధాన ముడిసరుకు. దానికి కొంత మాల్ట్ చేర్చి, స్తంభాకార యంత్రాలలో నిరంతరాయంగా స్వేదనం చేస్తారు. ఇది తేలికగా ఉండి మిశ్రమానికి మృదుత్వాన్నిస్తుంది.

గింజలో నత్రజని

గింజలో నత్రజని పెరిగితే మాంసకృత్తులు పెరిగి, పిండిపదార్థం తగ్గుతుంది. ఫలితంగా టన్ను మాల్ట్‌కు లభించే ఆల్కహాల్ తగ్గుతుంది. అందువలన మాల్ట్ విస్కీకి నత్రజని సుమారు 1.65 శాతానికి మించని బార్లీని కోరుతారు. గ్రెయిన్ విస్కీలో మాల్ట్ పని వేరు. ఇతర ధాన్యపు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మార్చే ఎంజైములను అది అందించాలి. నత్రజని అధికంగా గల బార్లీలో ఈ ఎంజైముల శక్తి ఎక్కువ కనుక ఇక్కడ దానికే ప్రాధాన్యం. ఒకచోట లోపమైనది మరొకచోట గుణమవుతున్నది.

రుచికి మూలాలు

మాల్ట్‌ను పీట్ పొగతో ఆరబెట్టినప్పుడు ఫినాల్ సమ్మేళనాలు చేరి పొగ వాసన వస్తుంది. పులియబెట్టే దశలో ఈస్ట్ ఉత్పత్తి చేసే ఎస్టర్లు పండ్ల సువాసననిస్తాయి. 700 లీటర్లకు మించని ఓక్ పీపాలలో కనీసం 3 సంవత్సరాలు నిల్వ ఉంచడం చట్టరీత్యా తప్పనిసరి. వెనిల్లా పరిమళం ఓక్ కలప నుండి వస్తుంది. సీసాపై పేర్కొనే వయసు మిశ్రమంలోని అతి పిన్న విస్కీది. ఉదాహరణకు, 12 సంవత్సరాల షివాస్ రీగల్‌లో 1786లో స్థాపితమైన స్ట్రాతైలా డిస్టిలరీ మాల్ట్ కీలకమైనది. తేనె, పండిన ఆపిల్, వెనిల్లా రుచులు ఈ మిశ్రమపు ప్రత్యేకత. పీపాకూ పీపాకూ రుచి మారుతున్నా, ఏటా అదే రుచిని నిలపడమే మిశ్రమ నిపుణుని నేర్పు.

విస్తరణకు సూచన

దిగుబడి కోసం అధికంగా, ఆలస్యంగా వేసిన నత్రజని మాల్ట్ బార్లీని పశుదాణా ధరకు దిగజార్చవచ్చు. కనుక ఎరువు మోతాదును సిఫారసు చేసే ముందు కొనుగోలుదారు ఎవరో, గింజ దేనికి వినియోగమవుతుందో నిర్ధారించుకోవాలి.