మెదకు చర్చి చుట్టూ ఒక ప్రదక్షిణము

తిరుపతి, చిత్తూరు ప్రాంతములందు పుట్టి పెరిగినవారికి దేవాలయమును వెలుపలినుండి చూచుట క్రొత్త గాదు. గోవిందరాజస్వామి సన్నిధికి పోవువారు మట్ల అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురమును ముందు తలయెత్తి చూచి, పిదపనే గడప దాటుదురు. దర్శనమునకు తోడు ప్రదక్షిణము కూడ మనకు విధియే. అయితే ప్రదక్షిణము చేయునపుడు మన మనస్సు మూలమూర్తిపై నుండును గాని గోడలపై నుండదు. ఆ గోడ యెట్లు నిలిచినది, ఆ బరువు ఏ దారిన నేలకు దిగుచున్నది, వాననీరు ఎటు పోవుచున్నది అని తలంచువారు అరుదు.

ఈ ప్రసంగమున ఆ ప్రశ్నలను వెంటబెట్టుకొని ఒక కట్టడము చుట్టూ నడచి చూతము. అది మన సీమలోని దేవళము కాదు. హైదరాబాదునకు ఉత్తరముగా ఇంచుమించు నూరు కిలోమీటర్ల దూరమున, మెదకు పట్టణమందున్న గాథిక్ కెథెడ్రలు. నిత్యము చూచు కట్టడమును మనము చూడనే చూడము. పరిచయము లేని కట్టడము ఎదుట కన్ను మేల్కొనును. అచ్చట మేల్కొన్న కన్నుతో మన గోపురములను మరల చూడవచ్చునని నా ఆశ.

కెథెడ్రలు అనగా పెద్ద చర్చి యని మాత్రమే కాదు. బిషప్పుగారి పీఠమున్న చర్చికి ఆ పేరు చెల్లును. గాథిక్ శైలి 12వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున పుట్టినది. పారిసు చేరువనున్న సెంట్ డెనీ మఠాలయములో 1144లో ప్రతిష్ఠ జరిగిన తూర్పు భాగమును ఈ శైలికి తొలిమెట్టుగా చరిత్రకారులు ఎన్నుదురు. నాలుగు శతాబ్దములు ఐరోపాను ఏలిన పిదప ఈ పద్ధతి వెనుకబడెను. 19వ శతాబ్దమున ఇంగ్లండులో మరల చిగిర్చెను. మెదకు చర్చి ఆ రెండవ చిగురునకు చెందినది.

దీనిని కట్టించినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అను వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. పని 1914లో మొదలై పది సంవత్సరములు సాగినది. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగినది. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన మీదట ఇది మెదకు బిషప్పు పీఠమైనది. అది కరవు కాలము. పనియు తిండియు లేక అల్లాడు చుట్టుపట్ల గ్రామములవారికి ఊరక దానము చేయుటకంటె పని కల్పించి కడుపు నింపుట మేలని పాస్నెట్ తలంచెననియు, ఆ తలంపునుండియే ఇంతటి నిర్మాణము లేచినదనియు చెప్పుదురు. కాబట్టి ఈ గోడలను చూచునపుడు రాళ్లను మాత్రమే చూడరాదు. ఒక్కొక్క రాయి వెనుక ఒక దినపు కూలి, ఆ కూలి వెనుక ఒక ఇంటి పొయ్యి ఉన్నవి.

ఇక నడక ప్రారంభింతము. తొందరపడి తలుపు దగ్గరకు పోరాదు. ఆవరణలో వీలైనంత దూరమున నిలిచి ముందు మొత్తము ఆకారమును చూడవలయును. కట్టడపు పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు; గంటగోపురపు ఎత్తు 175 అడుగులు. అనగా ఆ గోపురమును నేలపై పరుండబెట్టినచో ఆలయపు పొడవులో ఎనిమిదింట ఏడు పాళ్లు ఆక్రమించును. ఈ ఒక్క పోలిక మనస్సున నుంచుకొన్నచో నిర్మాతల ఉద్దేశము బోధపడును. వారి చూపు అడ్డముగా కాక నిలువుగా సాగినది.

మన గోపురము కూడ ఎత్తైనదే. కాని రెండింటి స్వభావము వేరు. మన గోపురమునకు అడుగుభాగము రాయి. పైయంతస్తులు ఇటుకయు సున్నమును. అంతస్తంతస్తునకు కొంచెము కొంచెము లోనికి జరుగుచు, బొమ్మలతో నిండి, పైన కలశములతో ముగియును. కంటికి ప్రతి అంతస్తున ఒక విశ్రాంతి దొరకును. గాథిక్ గోపురములో నిలువు గీతలే ప్రధానము. కిటికీలు సన్నగా పొడవుగా సాగును. మూలల చిన్న శిఖరములు ఆకాశమువైపు చూపును లాగుకొని పోవును. మరియొక భేదము గలదు. మన గోపురము ప్రాకారపు వాకిలిపై నుండును. దాని క్రిందుగా నడచి లోపలి కోవెలకు పోదుము. ఇచట గోపురము ఆలయముతోనే కలిసి ఒకే శరీరమై యున్నది.

ఇప్పుడు ప్రక్కగోడ వెంట నడువుడు. ఈ నడకలో ముఖ్యమైన మజిలీ ఇదియే. కిటికీల పైభాగమును చూడుడు: అర్ధచంద్రముగా గుండ్రముగా కాక, రెండు వంపులు కలిసి మొనదేరి యుండును. ఈ మొనకమాను మనకు పూర్తిగా అపరిచితము కాదు. చంద్రగిరి కోటలోని రాజమహలు ముఖమున వరుసలుదీరిన కమానులను చూచినవారు దీని చుట్టమును చూచినట్లే. అయినను గాథిక్ శిల్పులు దానిచే చేయించిన పని వేరు.

మన మండపములలో కమాను లేదు. స్తంభముపై దూలము, దూలముపై బండ. రాయి నొక్కుడునకు ఎంతైన ఓర్చును గాని వంగుటకు ఓర్వదు. కాబట్టి దూలము పొడవు పెంచుటకు వీలులేదు. స్తంభములను దగ్గర దగ్గరగా నాటవలసి వచ్చును. స్తంభముల అడవివంటి మండపములకు ఇది యొక ముఖ్యకారణము. కమాను ఈ చిక్కును విప్పినది. చిన్న రాళ్లు ఒకదాని నొకటి నొక్కుకొనుచు విశాలమైన జాగాను దాటగలవు. కాని ఆ మేలునకు ఒక వెల ఉన్నది.

ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా నిలిచి, అరచేతులు కలిపి, ఒకరిపై నొకరు వాలినారనుకొనుడు. చేతులు కలిసియున్నంతవరకు పడిపోరు. కాని పాదములు మాత్రము వెనుకకు జారజూచును. నున్నని గచ్చుపై నయినచో జారియే తీరును. మడమల వెనుక బరువైన రాళ్లు పెట్టినచో నిలుతురు. కమాను స్థితి సరిగా ఇట్టిది. దానిపై బరువు పడినకొలది కాళ్లను రెండు ప్రక్కలకు తన్నును. ఆ యిద్దరును దగ్గరగా నిలిచి నిటారుగా వాలినచో పాదములు అంతగా జారవు గదా! మొనకమాను చేయునది అదే. గుండ్రని కమాను ఎత్తు దాని వెడల్పులో సగము, మార్చుటకు వీలులేదు. మొనకమానును ఇష్టమైనంత నిటారుగా ఎత్తవచ్చును. ఎత్తినకొలది ప్రక్కకు తన్నుట తగ్గును.

తగ్గునే గాని పోదు. ఆ మిగిలిన తాకిడిని ఆపుటకే గాథిక్ ఆలయములందు కిటికీకి కిటికీకి నడుమ గోడనుండి ముందుకు చొచ్చుకొని వచ్చిన మందపు ఊతగోడలు కట్టుదురు. మడమ వెనుక పెట్టిన రాళ్లు ఇవియే. ఊతలున్న చోట బలము కూడుకొనుటచేత, వాని నడుమనున్న గోడకు మోయవలసిన భారము తగ్గినది. అందుచేతనే అంత పెద్ద కిటికీలు పెట్టుట సాధ్యమైనది. ఫ్రాన్సులోని షార్త్రు వంటి మహాలయములలో కప్పు మరింత ఎత్తుగా నుండుటవలన ఊతను దూరముగా నిలిపి, అచటినుండి గోడకు గాలిలో వంతెనవలె అర్ధకమానులను వేసిరి. ఊతలపైనున్న చిన్న శిఖరములు కేవలము అలంకారమని తోచును. కాని అవియు పని చేయును. బియ్యపు మూటపై మరియొక మూట వేసినచో క్రింది మూటను ప్రక్కకు నెట్టుట కష్టము. అట్లే శిఖరపు బరువు ఊతను అదిమిపట్టి, ప్రక్కకు వచ్చు తాకిడిని నేలవైపునకు మరలించును.

కిటికీలను వెలుపలినుండి చూచినపుడు కొంత నిరాశ కలుగవచ్చును. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీలకే ఈ చర్చి పేరుపొందినది. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము వానిలోని ఘట్టములు. కాని వెలుపల వెలుగులో నిలిచినవారికి అవి నల్లని పలకలవలె కనిపించును. సీసపు గీతలు తప్ప బొమ్మ తెలియదు. వెలుగు మనవైపునుండి లోనికి పోవుచుండుటయే దీనికి కారణము. లోపల చీకటిలో నిలిచి, ఎండను అద్దము గుండా చూచినపుడే రంగులు మేల్కొనును. ప్రొద్దు క్రుంకినచో అవియు నిద్రించును. కావున నడకను పగలే ముగించి లోనికి పోవుట మంచిది.

తరువాత చూడవలసినది వాననీటి దారి. ఏ రాతికట్టడమునకైనను నీరే మొదటి శత్రువు. ఐరోపా శిల్పులు కప్పుపై నీటిని గోడకు తగులకుండ దూరముగా చిమ్ముటకు మృగముఖములు చెక్కి, వాని నోటిగుండా నీరు పోవునట్లు చేసిరి. పారిసులోని నోట్రడామ్ పైన కూర్చున్న ప్రసిద్ధమైన వింతజంతువులు మాత్రము నీటిదారులు కావు. అవి 19వ శతాబ్దపు జీర్ణోద్ధరణలో చేర్చిన బొమ్మలు. మన గర్భాలయమునకు ఉత్తరముగా అభిషేకజలము వెలికివచ్చు గోముఖి కలదు గదా! శివాలయ ప్రదక్షిణమున ఆ సోమసూత్రమును దాటరాదని పెద్దలు చెప్పుదురు. నీరు వెలికిపోవు చోటును గౌరవింపవలయునని మనకు మునుపే తెలియును. ఏ కట్టడము చుట్టూ తిరుగునపుడైనను గోడపై నల్లని చారలు, పచ్చని పాచి ఎక్కడ ఉన్నవో చూడుడు. నీరు దారి తప్పిన చోటు అదియే.

ఈ పరిశీలన వట్టి వేడుక కాదు. ఫ్రాన్సులో బోవే పట్టణమున అందరికంటె ఎత్తైన ఆలయము కట్టదలచి, కప్పును ఇంచుమించు 48 మీటర్ల ఎత్తున లేపిరి. 1284లో ఆ కప్పులో కొంతభాగము కూలినది. మరల కట్టి, 16వ శతాబ్దమున 150 మీటర్లకు మించిన గోపురమును ఎత్తిరి. అదియు 1573లో పడిపోయినది. ఆ ఆలయము నేటికిని అసంపూర్ణమే. 2019 ఏప్రిల్ 15న నోట్రడామ్ కప్పునందలి కొయ్యయంతయు తగులబడినది. క్రిందనున్న రాతికమానులు చాలవరకు నిలిచినందుననే ఆలయము దక్కినది. 2024 డిసెంబరులో దానిని మరల తెరచిరి. కొయ్య వాడక ఇటుక, రాయి, సున్నములతోనే చంద్రగిరి రాజమహలును కట్టినవారి ముందుచూపు ఇట్టి సందర్భమున తలపునకు వచ్చును.

అంత దూరము పోనేల? శ్రీకాళహస్తిలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఏడంతస్తుల రాజగోపురము 2010 మే 26వ తేదీ సాయంకాలము చూచుచుండగనే కూలిపోయినది. దాదాపు 500 సంవత్సరములు నిలిచిన కట్టడము కొన్ని క్షణములలో దుమ్ముగా మారినది. ఆనాడు ప్రాణనష్టము జరుగలేదు. గోడలలో పగుళ్లు పెరుగుచున్నట్లు ముందే గమనించి జనులను దూరముగా ఉంచుటయే అందుకు కారణము. చూచిన కన్ను మనుష్యులను కాపాడినది. ఆ చూపు ఇంకను ముందుగా, పగులు వెండ్రుకవలె సన్నగా ఉన్ననాడే పడియుండినచో, ఏమైన చేయవీలుండెడిదేమో యని మన ప్రాంతపు వారికి కలిగిన దుఃఖము నేటికిని తీరలేదు. అదే చోట క్రొత్త గోపురము లేచి, 2017లో కుంభాభిషేకము జరిగినది. దాని చుట్టూ కూడ చూచు కన్నులు ఉండవలయును.

మెదకునకు క్రిస్మసు దినములలో జనులు వేలకొలదిగా వత్తురు. మన తిరునాళ్లవలె ఆవరణమంతయు నిండిపోవును. నడచి చూడదలచినవారు వేరొక దినమున, ఉదయమే పోవుట మేలు. చుట్టుకొలత సుమారు 600 అడుగులు. ఊరక నడచినచో అయిదు నిమిషములు పట్టదు. చూచుచు నడచినచో గంట చాలదు. అంత దూరము పోలేనివారు చెన్నపట్టణమునకు పోయినపుడు శాంతోము కెథెడ్రలును చూడవచ్చును. 1896లో ముగించిన ఆ కట్టడమును ఈ శైలిదే.

అచటికిని పోలేనివారు తమ ఊరి కోవెల చుట్టూ, చర్చి చుట్టూ, మసీదు చుట్టూ పిల్లలను వెంటబెట్టుకొని ఒకసారి తిరుగుడు. బరువు ఎక్కడనుండి ఎక్కడకు దిగుచున్నది, నీరు ఎటు పోవుచున్నది, పగులు ఎక్కడ ఉన్నది అను మూడు ప్రశ్నలు వారికి నేర్పుడు. గోపురపు సందున రావిమొక్క కనిపించినచో దేవుని చెట్టని నమస్కరించి వదలివేయక, దాని వేరు రాతిని చీల్చకమునుపే ధర్మకర్తలకో అధికారులకో తెలియజేయుడు.