‘గుజ్జు మార్పిడి’ అరిగిన మోకాలికి పనిచేస్తుందా?

స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల పత్తి చేన్లలో, వరి నాట్లలో ఏళ్ల తరబడి వంగి పనిచేసినవాళ్లకు మోకాళ్ల నొప్పులు మామూలే. నమాజులో సజ్దా నుంచి లేవడమే కష్టమైపోతుంది. ‘గుజ్జు అరిగింది’ అని డాక్టర్ చెప్పగానే, ‘కొత్త గుజ్జు వేయించొచ్చా?’ అని ఇంట్లోవాళ్లు అడుగుతారు.

తికమక ఇక్కడే ఉంది. గుజ్జు అని మనం పిలిచేవి రెండు. ఎముకల చివర్లకు నున్నటి పూతలా ఉండేది కార్టిలేజ్. తొడ ఎముకకు, కాలి ఎముకకు మధ్య నెలవంక ఆకారంలో ఉండే రెండు మెత్తలు మెనిస్కస్‌లు. ఈ ఆపరేషన్‌లో మార్చేది మెనిస్కస్‌నే. చనిపోయిన దాత నుంచి సేకరించి, సైజు సరిచూసి అమరుస్తారు. 1984లో జర్మనీలో ఇది మొదలైంది.

ఆస్టియో ఆర్థరైటిస్‌లో ముఖ్యంగా అరిగేది కార్టిలేజ్. అది పూర్తిగా పోయిన మోకాలిలో కొత్త మెత్త పెట్టినా, గరుకు ఎముకల మధ్య నలిగి పాడవుతుంది. అందుకే సాధారణంగా 50 ఏళ్లలోపు ఉండి, దెబ్బ తగిలి మెనిస్కస్ తీసేయించుకున్నా కార్టిలేజ్ బాగున్నవారికే ఈ ఆపరేషన్ చేస్తారు.

పెద్దవాళ్లకు ముందు బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, ఫిజియోథెరపీ అవసరం. అయినా నొప్పి తగ్గకపోతే మోకాలి కీలు మార్పిడి గురించి ఆలోచించాలి. ఎవరైనా ‘గుజ్జు మార్పిడి’ అంటే డబ్బు కట్టకముందే, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే పట్టుకుని వరంగల్ ఎంజీఎంలోనైనా ఎముకల డాక్టర్‌కు మరోసారి చూపించుకోవాలి. నేల మీద సజ్దా చేయలేనివాళ్లకు కూర్చుని నమాజు చదివే వెసులుబాటు షరీఅత్‌లో ఉంది, నొప్పి భరిస్తూ మోకాలిని ఇంకా పాడు చేసుకోవద్దు.