ప్రమేయం: బాణం ఎటు వెళ్తోంది?

తమిళనాడు పదో తరగతి లెక్కల పుస్తకంలో మొదటి పాఠం సంబంధాలు, ప్రమేయాలు. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు దీన్ని బడిలో తమిళంలో 'సార్బు' అనో, ఇంగ్లీషులో 'ఫంక్షన్' అనో చదువుతారు. తెలుగు పుస్తకాల్లో దీని పేరు 'ప్రమేయం'. "ఈ గొడవలో నా ప్రమేయం లేదు" అనే మాటకూ, ఈ ప్రమేయానికీ పొత్తు కుదరదు. ఫంక్షన్ అంటే మనకు పెళ్లిళ్లూ పేరంటాలూ గుర్తొస్తాయి. సార్బు అన్న మాటే కొంత నయం. ఒకదాన్ని ఆనుకొని మరొకటి ఉండడం అనే అర్థం అందులో ఉంది. పేర్లు చూసి మొదటి పాఠం దగ్గరే బెదిరిన పిల్లలకు ఆ బెదురు పరీక్ష దాకా పోదు. అందుకని ముందుగా ఇంటి మాటల్లో చూద్దాం.

ఒక తరగతి పిల్లల పేర్లు ఎడమ పక్కన, వాళ్ల తల్లుల పేర్లు కుడి పక్కన రాయండి. ప్రతి బిడ్డ నుంచి తల్లికి బాణం గీయండి. ప్రతి బిడ్డ దగ్గర నుంచీ ఒక బాణం, ఒకే ఒక బాణం బయలుదేరుతుంది. ఇదే ప్రమేయం. కవలలుంటే రెండు బాణాలు ఒకే తల్లిని చేరతాయి. అందులో తప్పు లేదు. ఇప్పుడు బాణాలను వెనక్కి తిప్పండి. కవలల తల్లి దగ్గర నుంచి రెండు బాణాలు బయలుదేరాయి. ఇది సంబంధమే గాని ప్రమేయం కాదు.

బాణాలు బయలుదేరే గుంపు ప్రదేశం, తమిళంలో మదిప్పగం. ఎదుట ఉన్న గుంపు సహప్రదేశం, అంటే తుణై మదిప్పగం. అందులో నిజంగా బాణం తగిలినవి మాత్రమే వ్యాప్తి, అంటే వీచ్చగం. కుడి పక్కన వేరే తరగతి బిడ్డ తల్లి పేరు కూడా ఉంటే, ఆమె సహప్రదేశంలో ఉంటుంది, వ్యాప్తిలో ఉండదు.

ఇక మన కావేరిని చూద్దాం. హొగెనకల్లుకు ఎగువన బిలిగుండ్లులో కేంద్ర జల సంఘం నది ప్రవాహాన్ని కొలుస్తుంది. కర్ణాటక నుంచి తమిళనాడుకు ఏటా 177.25 టి.ఎం.సి.ల నీరు రావాలని 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు చెప్పిన లెక్క కూడా ఈ చోటనే చూస్తారు. ఫలానా రోజు ఉదయం ఆరు గంటలకు ప్రవాహం ఎంత? జవాబు ఒక్కటే. కాలం నుంచి ప్రవాహానికి వెళితే అది ప్రమేయం. సెకనుకు పదివేల ఘనపుటడుగుల నీరు ఎప్పుడు వచ్చింది? వరద ఎక్కేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు మరోసారి వచ్చి ఉండవచ్చు. ఇటునుంచి చూస్తే ప్రమేయం కాదు.

కాలాన్ని అడ్డంగా, ప్రవాహాన్ని నిలువుగా తీసుకొని పటం గీసి, దానిమీద ఒక పుల్లను నిలువుగా పెట్టి జరపండి. పుల్ల ఎక్కడ పెట్టినా గీతకు ఒక్కచోటే తగలాలి. పుస్తకంలోని నిలువుగీత పరీక్ష ఇదే.

'ఎఫ్ ఆఫ్ ఎక్స్' అన్న గుర్తును 1734లో ఆయిలర్ వాడాడు. మామిడికాయలు కిలో 30 రూపాయలైతే, ఎక్స్ కిలోలకు ధర 30 ఎక్స్. ఇక్కడ ఎఫ్ అనేది ఆ నియమానికి పేరు. దాన్ని ఎక్స్‌తో గుణించకూడదు. ఎక్స్ స్థానంలో 5 వేస్తే 150 వస్తుంది, అంతే. ప్రతి ప్రమేయానికీ ఇలాంటి సూత్రం ఉండాలని కూడా లేదు. ఒక్కో విలువకు ఒక్కో జవాబు ఉంటే చాలునని 1837లో డిరిష్లే స్పష్టం చేశాడు. కావేరి ప్రవాహానికి ఏ సూత్రమూ లేదు, అయినా అది ప్రమేయమే.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఈ పాఠం రాకపోయినా ఫరవాలేదు. బిడ్డ లెక్క చేసేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. ఎడమ పక్కనున్న ప్రతిదానికీ జవాబు ఉందా? ఆ జవాబు ఒక్కటేనా? రెండింటికీ అవునంటే అది ప్రమేయం. ఆ అర్థం ఇంటి భాషలో కుదిరితే, బడిలో ఏ భాష పేరు విన్నా బిడ్డ తడబడదు.