బాలానగర్ సీతాఫలం.. పుట్టిన గుట్ట మీదే కరువు

మహారాష్ట్రలో సీతాఫలం తోట వేయాలనుకునే రైతు ముందుగా వినే పేరు 'బాలానగర్'. ఆ బాలానగర్ మరెక్కడో లేదు. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల వెళ్లే దారిలోనే ఉంది. అక్కడివాళ్లు మన ఊరి పేరుతో తోటలు పెంచి అమ్ముకుంటున్నారు. మన దగ్గర మాత్రం దాన్ని నాటినవాళ్లు తక్కువే. గుట్టల మీద, పొలం గట్ల మీద దానంతటదే మొలిచింది, కాసింది.

పాతికేళ్ల కిందట దసరా సెలవులొస్తే ఈ గుట్టల్లో ఒకటి ఎక్కడం మాకు అలవాటు. అప్పటి ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు దిగి, జొన్న చేల మధ్య బాట పట్టి, బండల సందుల్లోంచి గంటలో కొసకు చేరేవాళ్లం. వెళ్లేటప్పుడు సంచి ఖాళీ. దిగేటప్పుడు భుజం లాగేసేది.

ఈమధ్య మళ్లీ వెళితే బాట దొరకడానికే సగం పూట పట్టింది. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలయ్యాక భూముల ధరల వేడి షాద్‌నగర్ దాటి ఇటు పాకింది. జొన్న చేలున్న చోట హద్దురాళ్లు, ప్లాట్లు. గుట్టను ఒక పక్క కంకర కోసం తొలిచేశారు. 2016లో షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలో కలిసింది, బాలానగర్ మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయింది. కంకర మిషనుకు జిల్లాలతో పనేముంది!

తొలవని పక్క మాత్రం చెట్లు నిండుగా ఉన్నాయి. మేకలు ముట్టని ఆకు అది. పశువుల పుండ్లలో పురుగు పడితే ఈ ఆకే నూరి కడతారు.

పొద్దు పొడవకముందే గంపలతో గుట్టెక్కే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు తెంపేది 'కండ్లు తేలిన' కాయనే. కండ్ల మధ్య గీతలు తెల్లబడకముందే తెంపితే కాయ పండదు, నల్లబడి గట్టిపడుతుంది. ఆలస్యమైతే చెట్టు మీదే పగిలి పిట్టల పాలవుతుంది. తెంపాక మూడు నాలుగు రోజులే గడువు. ఫ్రిజ్‌లో పెడితే తోలు నల్లబడుతుంది. అందుకే బేరంలో కొనేవాడిదే పైచేయి. అయినా సెంటు భూమి లేని ఇంటికి పెట్టుబడి లేకుండా వచ్చే పంట ఇదొక్కటే. గుట్ట పోతే ముందుగా పోయేది ఆ నాలుగు రూకలు.

చెలక భూములున్న రైతులు ఈ రకాన్ని కిందికి దింపుకోవాలి. కాయ పెద్దదై, గుజ్జు ఎక్కువగా, గింజ తక్కువగా ఉన్న చెట్లను గుట్ట మీద ఎంచుకోవాలి. గింజ నాటితే తల్లి గుణం పూర్తిగా రాదు. గింజతో పెంచిన మొక్కకు ఆ చెట్టు పుల్లతో అంటు కట్టించుకోవాలి. అయిదు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 160 మొక్కలు పడతాయి. వేసవిలో ఆకు రాల్చాక కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగురుతోపాటే పూత వస్తుంది.

పూత ఎంతున్నా కాయ నిలవదని చాలామంది బాధ. ఈ పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది, పుప్పొడి తర్వాత రాలుతుంది. అందువల్ల తనంత తాను కట్టుకోవడం అరుదు. చిన్న పెంకు పురుగులే దిక్కు. పొద్దున్నే బాగా విచ్చిన పూల పుప్పొడిని మెత్తటి కుంచెతో సగం విచ్చిన పూలకు అంటిస్తే కాయ గుండ్రంగా, నిండుగా వస్తుంది. పనే, కానీ పది చెట్లకైనా చేసి చూడొచ్చు.

ఎంచుకున్న చెట్టుకు కాయ ఉన్నప్పుడే రంగు గుడ్డ కట్టి రావాలి. ఆకు రాలాక గుట్ట మీద అన్ని చెట్లూ ఒకేలా కనిపిస్తాయి.