మనోడికి ఆ పార్టీలో ఏం పని?

పల్నాడులోని మా రెంటచింతల పేరు టీవీలో వినపడేది ఎండాకాలంలోనే. రాష్ట్రంలో ఎండ ఎక్కడ మండిపోతోందో చదివే వరుసలో మా ఊరు ముందుంటుంది. మిగతా రోజుల్లో మేమే టీవీలో వేరేవాళ్లని చూస్తుంటాం. మిరప కోతలు అయిపోయాక మధ్యాహ్నం పూట టీ కొట్టు దగ్గర చర్చా కార్యక్రమం నడుస్తుంటే, తెరమీద బీజేపీ తరఫున గట్టిగా వాదిస్తున్న ఒక దళిత నాయకుణ్ణి చూసి పల్లెవాళ్లలో ఎవరో ఒకరు అననే అంటారు: "ఆయన మనోడే కదరా, ఆ పార్టీలో ఏం పని?"

ఇదే ప్రశ్న అమెరికాలో నల్లజాతి కన్సర్వేటివ్‌లకు దశాబ్దాలుగా ఎదురవుతోంది. అక్కడ కన్సర్వేటివ్ అంటే పన్నులు తగ్గాలి, ప్రభుత్వ జోక్యం తగ్గాలి, చర్చి, కుటుంబం నిలబడాలి అనేవాడు. నల్లవాళ్లలో అలా ఆలోచించేవాళ్లు తక్కువేం కాదు, అందులోనూ చర్చికి వెళ్లేవాళ్లలో. ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది డెమోక్రాట్ల వైపే ఉంటారు. ఒకప్పుడు సంగతి వేరు. బానిసత్వం మీద యుద్ధం నడిపిన లింకన్ రిపబ్లికన్ కాబట్టి, ఓటు దక్కిన నల్లవాళ్లు చాలాకాలం ఆ పార్టీనే నమ్ముకున్నారు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పనులు కల్పించాక ఆ నమ్మకం సడలింది. 1964లో పౌరహక్కుల చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన గోల్డ్‌వాటర్‌నే రిపబ్లికన్లు అధ్యక్ష పదవికి నిలబెట్టడంతో పూర్తిగా తెగిపోయింది. ఆ తర్వాత అటు వెళ్లిన నల్లవాడికి రెండు వైపులా అనుమానమే. సొంతవాళ్లు అమ్ముడుపోయాడంటారు. పార్టీవాళ్లు ముందు వరసలో కూర్చోబెడతారు గానీ, అది ఆయన మాట కోసమా, ముఖం కోసమా అన్నది తేలదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ విలియమ్స్ అలాంటివారు. సౌత్ కరోలినా రాష్ట్రంలోని మేరియన్ అనే చిన్న ఊళ్లో రైతు కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలో సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ దగ్గర పని నేర్చుకున్నారు. ఈ థర్మండ్ 1957లో పౌరహక్కుల బిల్లును ఆపడానికి సెనేట్‌లో 24 గంటలకు పైగా నిలబడి మాట్లాడిన మనిషి. అలాంటివాడి దగ్గర ఒక నల్లజాతి కుర్రాడు చేరాడంటే మేరియన్‌లో ఎన్ని మాటలు అనుకుని ఉంటారో మన పల్లెల్లో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. తర్వాత, ముందుముందు సుప్రీంకోర్టు న్యాయమూర్తి కాబోయే నల్లజాతి కన్సర్వేటివ్ క్లారెన్స్ థామస్ దగ్గర ఉద్యోగం, ఒక పీఆర్ కంపెనీ, పత్రికల్లో కాలమ్, రేడియో, టీవీ. 2005 జనవరిలో ఒక సంగతి బయటపడింది. బుష్ ప్రభుత్వం తెచ్చిన బడి చదువుల చట్టాన్ని టీవీలో మెచ్చుకోవడానికి ఆయనకు విద్యాశాఖ డబ్బుతో 2,40,000 డాలర్ల కాంట్రాక్టు ఉంది. చూసేవాళ్లకి అది తెలియదు, సొంత అభిప్రాయమే అనుకున్నారు. ఆయన కాలమ్‌ను పత్రికలకు అందించే సంస్థ వదిలేసింది. ప్రభుత్వ లెక్కలు చూసే సంస్థ దీన్ని చాటుమాటు ప్రచారంగా తేల్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

బంగారు లక్ష్మణ్ 1939లో హైదరాబాద్‌లో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. చిన్న ప్రభుత్వ ఉద్యోగాలు చేసి, బీజేపీకి ముందురూపమైన జనసంఘ్‌లో చేరి, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లారు. ఆ రోజుల్లో తెలుగునాట జనసంఘ్ అంటే పట్నాల్లో నాలుగు వీధుల పార్టీ. దళితుల ఓటు కాంగ్రెస్‌ది, అక్కడక్కడా కమ్యూనిస్టులది. అలాంటప్పుడు ఆ జెండా పట్టుకున్నందుకు ఆయనకు పేరూ రాలేదు, పదవీ రాలేదు.

ఆయన రాజకీయం అర్థం కావాలంటే 1991 నవంబరులో జరిగిన నంద్యాల ఉప ఎన్నిక చూడాలి. పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు గానీ పార్లమెంటు సభ్యుడు కాదు, గెలిచి తీరాలి. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న గౌరవంతో ఎన్టీఆర్ తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. ఓడిపోతామని ముందే తెలిసిన ఆ పోటీకి బీజేపీ ఎవరిని నిలబెట్టింది? బంగారు లక్ష్మణ్‌ను. పీవీకి దాదాపు 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యం వచ్చింది. లక్ష్మణ్‌కు డిపాజిట్ దక్కలేదు. ఇలాంటి చోట నిలబడేవాడిని పార్టీలో నమ్మకస్తుడంటారు, ఊళ్లో బలిపశువంటారు. నా దృష్టిలో రెండూ నిజమే.

నమ్మకానికి ఫలితం ఆలస్యంగా వచ్చింది. 1996లో రాజ్యసభ సీటు ఇచ్చారు, అదీ గుజరాత్ నుంచి. వాజ్‌పేయి ప్రభుత్వంలో సహాయ మంత్రి. 2000 ఆగస్టులో ఏకంగా పార్టీ జాతీయ అధ్యక్షుడు. బీజేపీకి తొలి దళిత అధ్యక్షుడు ఆయనే. ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. 1962లో కాంగ్రెస్‌కు తొలి దళిత అధ్యక్షుడైన దామోదరం సంజీవయ్య కూడా తెలుగువాడే. దేశంలోని రెండు పెద్ద పార్టీల్లోనూ ఆ పీఠం మొదట ఎక్కిన దళితులు మనవాళ్లే.

అధ్యక్షుడయ్యాక నాగపూర్‌లో, ఆరెస్సెస్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లోనే, ఆయన తొలి ప్రసంగం చేశారు. ముస్లింలు మన రక్తం పంచుకున్నవాళ్లే, వాళ్లను దగ్గరికి తీసుకోవాలి అన్నది అందులో సారాంశం. సభలో ఉన్నవాళ్లు విన్నారు, బయట పెద్ద చర్చ జరిగింది. అది ఆయన సొంత మాటా, పైనుంచి వచ్చిన మాటా అని అప్పుడే కొందరు సందేహించారు. ఆ సందేహమే ఇలాంటి నాయకులకు శాపం. మంచి మాట చెప్పినా ఎవరో చెప్పించారనే అంటారు.

ఆ పదవి ఏడు నెలలే ఉంది. 2001 మార్చి 13న తెహెల్కా అనే వార్తా వెబ్‌సైట్ విలేకరులు రహస్య కెమెరా టేపులు బయటపెట్టారు. వెస్ట్ ఎండ్ అనే లేని కంపెనీ పేరుతో ఆయుధ వ్యాపారుల్లా వెళ్లి లక్ష రూపాయలు ఇస్తే, ఆయన తీసుకుని టేబుల్ సొరుగులో పెట్టుకోవడం దేశమంతా టీవీలో చూసింది. పార్టీ ఫండు అన్నారు ఆయన. రాజీనామా చేయక తప్పలేదు. 2012 ఏప్రిల్‌లో ఢిల్లీ సీబీఐ ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా వేసింది. తర్వాత హైకోర్టు బెయిల్ ఇచ్చింది. 2014 మార్చి 1న ఆయన చనిపోయారు.

దళితుడు కాబట్టి ఇరికించారు అని కొందరంటారు. నేను అననుగాక అనను. డబ్బు అందుకున్న చెయ్యి ఆయనదే. కానీ ఒక తేడా మాత్రం చూడాలి. అటు విలియమ్స్ పేరు పోయినా కనుమరుగు కాలేదు. డబ్బులో కొంత తిరిగి కట్టడానికి ఒప్పుకున్నారు, మళ్లీ టీవీకి వచ్చారు. 2013లో టీవీ స్టేషన్లు కొన్నారు, 2015 నాటికి అధ్యక్ష పదవికి పోటీపడిన బెన్ కార్సన్‌కు ఆంతరంగిక సలహాదారు అయ్యారు. 2024లో బాల్టిమోర్ సన్ అనే పాత దినపత్రికలో వాటాదారు కూడా. ఆ స్టేషన్లు సింక్లెయిర్ అనే పెద్ద సంస్థ అండతో నడిచినవే, కాబట్టి అదీ పూర్తి సొంతం అనలేం. అయినా పార్టీ పొమ్మంటే వెళ్లి కూర్చోవడానికి ఆయనకు ఒక చోటు ఉంది.

లక్ష్మణ్‌కు ఏముంది? లోక్‌సభకు ఎన్నడూ గెలవలేదు. తనదని చెప్పుకునే నియోజకవర్గం లేదు. రాజ్యసభ గుజరాత్‌ది. 2004లో ఆయన భార్య సుశీల కాంగ్రెస్ నేత బూటా సింగ్ మీద గెలిచి ఎంపీ అయిన సీటు రాజస్థాన్‌లోని జాలోర్. అన్నీ పార్టీ పెట్టిన భిక్షే. దళిత వాడల్లో ఆయన కోసం రోడ్డెక్కే జనం లేరు, ఎందుకంటే ఆయన రాజకీయం వాడల్లోంచి లేచింది కాదు. పట్టు లేనివాడు తప్పు చేస్తే ఆ తప్పు ఒక్కటే మిగులుతుంది. వెనక జనం, డబ్బు, కులబలం ఉన్నవాడు అంతకు పదింతలు చేసినా నాలుగేళ్లలో మళ్లీ దండలు వేయించుకుంటాడు. ఈ సంగతి పల్నాడు ఓటరుకు నేను చెప్పాలా?

మా దగ్గర ఇది పాత కథే. పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు మాలవాడైన కన్నమదాసును సేనాధిపతిని చేశాడని పల్నాటి వీరగాథ పాడేవాళ్లు చెబుతారు. కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారంపూడి ఉత్సవాల్లో అన్ని కులాలవాళ్లూ కలిసి తినే చాపకూడు ఇప్పటికీ పెడతారు. పదవి ఎవరిచ్చారో ప్రతివాడికీ నోటికొచ్చు. కన్నమదాసు ఎదురు ఏమడిగాడు, దేన్ని కాదన్నాడు అంటే మాత్రం పెద్దవాళ్లూ తడుముకుంటారు.

అందుకని టీ కొట్టు దగ్గర మనోడికి ఆ పార్టీలో ఏం పని అని అడగడంలో నాకు ఉపయోగం కనపడదు. ఎవరు ఏ పార్టీలో ఉండాలో కులాన్నిబట్టి తేల్చేస్తే ఆ మనిషికి బుర్ర లేదన్నట్టే. టీవీలో కనపడేవాడు ఎవరైనా సరే, ఆయన సంపాదన ఎక్కడినుంచి వస్తోంది, ఓడిపోయినా వెంట ఉండే జనం ఎందరు, సొంత పార్టీని ఎప్పుడైనా కాదన్నాడా అని అడగండి. నాగపూర్‌లో ఆ మాట అన్న రోజున లక్ష్మణ్ వెనక వాడలు నిలబడి ఉంటే అది ప్రసంగంగానే మిగిలేది కాదని నా నమ్మకం. 2002లో అదే కుర్చీలోకి మరో తెలుగువాడు వెంకయ్యనాయుడు వచ్చారు. దళితుడు మాత్రం ఇంతవరకు మళ్లీ రాలేదు.